మిరియాల తర్వాత వాము

"అయితే ఆ రోజు విన్నావన్నమాట."

"విన్నాను మావయ్యా. మిరియాల దగ్గర ప్రతిసారీ ఒకటి మర్చిపోయేవాడివి."

మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. ఒంగోలు ఆసుపత్రిలో మంచం మీద, ముక్కూ నోరూ కప్పిన గాలి తొడుగు వెనక ఆయన నవ్వాడు. నవ్వితే తొడుగు లోపల తెల్లగా ఆవిరి పట్టింది. కాసేపటికి విడిపోయింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

ఈ రెండు మాటలూ పైన పెట్టమన్నాను, రాసే పిల్లని. ఆ పిల్ల నా చెల్లెలి కూతురు. ఇక్కడ ఐర్లండ్‌లోనే, లిమరిక్‌లో ఎమ్మెస్ చదువుతోంది. శనివారం బస్సెక్కి ఎన్నిస్‌లో మా అమ్మాయి ఇంటికి వస్తుంది. పెద్దమ్మ మీద ప్రేమతో వస్తున్నానంటుంది, వంకాయ కూర కోసమని మా అమ్మాయి అంటుంది. నా చదువు రెండో తరగతిలో ఆగింది. కొట్టు మీద బోర్డు చదువుకోగలను, సంతకం పెట్టగలను. ఇంత కథ రాయడం నా వల్ల కాదు. నా గొంతేమో బొంగురు. మధ్యమధ్యలో తెగుతుంది. తెగినప్పుడు ఆగమన్నాను, ఆగుతోంది.

ఇది నా మనవరాలి కోసం. దానికి తెలుగు చెబితే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, ఇక్కడి పిల్లల యాసలో చెబుతుంది. జారుడుబల్ల మీంచి పడి మోకాలు చీరుకున్నా "ఐమ్ గ్రాండ్, అమ్మమ్మా" అంటుంది, నాకేం కాలేదు, బాగానే ఉన్నానని. అది పెద్దదై, ఎప్పుడో ఒకనాడు చక్రాల మంచం మీద పడుకున్నప్పుడు, టోపీ పెట్టుకున్న మత్తు డాక్టరు వంగి మీ ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందా అని అడిగితే, అప్పుడు కూడా గ్రాండ్ అనేస్తుందేమోనని నా భయం. వాళ్ళమ్మ అలాగే అంది.

మేము వైశ్యులం. ఊళ్ళో కోమట్లు అనేవాళ్ళు. మా ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. నన్ను చంకనేసుకుని తిప్పినవాడే నా మెళ్ళో తాళి కట్టాడు. మా ఇళ్ళల్లో అప్పట్లో అది మామూలు. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక గోనె తెర. తెరకు అటు ఆయన తూచేవాడు, ఇటు నేను వండేదాన్ని. బెల్లం వాసన, చింతపండు వాసన, పోపు వాసన, అన్నీ ఆ గోనె తెరలోనే కలిసి ఉండేవి.

మా అమ్మాయి కడుపులో అడ్డం తిరిగింది. పెద్దాపరేషన్ తప్పదన్నారు. మా ఊరి నర్సింగ్ హోములో పైన ఫ్యాను తిరుగుతోంది. చేతికి సూది గుచ్చారు. ఫ్యాను రెక్కలు నిదానంగా కరిగి ఒకే పళ్ళెం అయ్యాయి. ఆ పళ్ళెం చల్లగా నా మీదకి దిగింది. అంతవరకు బాగానే ఉంది.

తర్వాత మెలకువ వచ్చింది. ఒళ్ళు రాలేదు.

కళ్ళ మీద తడి దూది పెట్టి ఉంది. దూది వెనక వెలుగు పాత బెల్లం రంగులో ఉంది. ఎక్కడో పసిపిల్ల ఏడుపు. అది నా పిల్లేనని తెలిసింది. పొట్ట దగ్గర నొప్పి ఉంది, కానీ పక్కవీధిలో ఎవరింటిదో పెళ్ళి మేళంలాగా దూరంగా మోగుతోంది. లేద్దామనుకున్నాను. వేలు కదపమంటే వేలు నాది కాదు. రెప్ప తెరవమంటే రెప్ప నాది కాదు. బియ్యం బస్తాలో మనిషిని పెట్టి మూతి కుట్టేస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాను. నోట్లో గొట్టం ఉంది. గొట్టంలోంచి ఎవరో గాలి పంపితే రొమ్ము లేస్తోంది. పంపకపోతే లేవడం లేదు.

"ఇంకా తనంతట తను ఊపిరి తీసుకోవడం లేదు. నొక్కుతూనే ఉండాలి," అంది ఒక గొంతు. "పాపం, నిద్రలోనే ఉంది," అంది ఇంకొకటి.

నేను నిద్రలో లేనని ఎవరికి చెప్పను? చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కన్నీళ్ళు మాత్రం వాటంతటవే వచ్చి చెవుల్లోకి దిగాయి. ఎవరో వాటిని గుడ్డతో ఒత్తి, చెమట పడుతోందన్నారు.

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఊపిరి ఆడించే మిషను లేదు. నల్ల రబ్బరు సంచీ ఉండేది, దాన్ని చేత్తో నొక్కాలి. డాక్టరు చేతులు పడిపోయాయి. కాంపౌండరు చేతులు పడిపోయాయి. ఆఖరికి బయట బల్ల మీద కూర్చున్న మా ఆయన్ని, చెప్పులు విప్పించి లోపలికి పిలిచారు.

"నిదానంగా నొక్కాలయ్యా. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకో," అన్నాడు డాక్టరు.

ఆయన ఒకటి రెండు అన్నాడు. కొట్లో కూర్చుని కూర్చుని అంకెలంటే ఆయనకి తొందర అలవాటు. పది దాటేసరికి నా రొమ్ము పిచ్చుక రొమ్ములా కొట్టుకుంది. డాక్టరు కసిరాడు. అప్పుడు మా ఆయన గొంతు సర్దుకుని, సరుకుల పేర్లు మొదలుపెట్టాడు. కొట్లో వాకిలి దగ్గరి బస్తా నుంచి లోపలి అర దాకా ఏ వరుసలో ఉండేవో అదే వరుసలో. ఒక్కో సరుక్కి ఒక్కో నొక్కు.

"బియ్యం." గాలి వచ్చింది. "కందిపప్పు." గాలి వచ్చింది. "మినప్పప్పు. పెసరపప్పు. పచ్చిశెనగపప్పు."

అమ్మాయ్, నీకెలా చెప్పను. ఆ పేర్లు నా లోపలికి వచ్చేవి. కందిపప్పు వెచ్చగా వచ్చేది. బెల్లం కొంచెం ఎక్కువసేపు ఉండేది. చింతపండు అన్నప్పుడు నోరు ఊరినట్టే ఉండేది, ఊరడానికి నోరు నాది కాకపోయినా. నేను బస్తాలో పడుకుని ఆ కొట్లో నడుస్తున్నాను. గచ్చు చల్లగా తగులుతోంది. ఎడమ చేతి వైపు డబ్బాలు, ధనియాలు, జీలకర్ర, ఆవాలు, మెంతులు, మిరియాలు.

మిరియాల దగ్గర ఆయన ఆగేవాడు.

మిరియాల తర్వాత వాము. వాము డబ్బా పై అరలో, దూలం నీడలో ఉండేది. ఆయన చెయ్యి అక్కడికి సరిగా అందదు. ఎవరైనా అడిగితే గోనె తెర వెనక నుంచి నేనే వచ్చి తీసిచ్చేదాన్ని. అందుకని అది ఆయన నోటికి రాలేదు. "మిరియాలు... తర్వాతేందబ్బా..." అని గొణిగేవాడు. చెయ్యి ఆగిపోయేది. గాలి ఆగిపోయేది. రొమ్ము మీద బస్తాలు ఒకదాని మీద ఒకటి పడేవి. వాము మావయ్యా, వాము, అని లోపల అరిచేదాన్ని. అంతలో ఆయనకి ఇంగువ గుర్తొచ్చేది. "ఇంగువ" అని నొక్కేవాడు. ఇంగువ వాసన కొట్టినట్టు నేను మళ్ళీ బతికేదాన్ని. పసుపు, కుంకుమ, కర్పూరం. కర్పూరంతో కొట్టు అయిపోయేది. మళ్ళీ వాకిలి దగ్గరికి, బియ్యం.

ఎన్నిసార్లు అలా తిరిగామో. ప్రతిసారీ మిరియాల దగ్గర అదే గుంట.

మధ్యలో ఇంకేవేవో అన్నాడు. నిద్రపోతున్నదాని దగ్గర అనుకుని అన్నాడు కాబట్టి అన్నీ రాయించను. పుట్టింది ఆడపిల్లనీ, దానిది నా ముక్కేననీ చెప్పాడు. "లేవవే పిల్లా. లేస్తే రోజూ సొరకాయ వండినా నోరెత్తను" అన్నాడు. అంతవరకు రాస్తే చాలు. లేచాక ఆయన సొరకాయ తిన్నాడు. ఎందుకు సణక్కుండా తింటున్నాడో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకి తెలియదు.

ఎప్పటికో, ధనియాల దగ్గర, ఆయన నొక్కకముందే ఇంత గాలి నేనే లాక్కున్నాను. చేతిలో సంచీ కదిలింది ఆయనకి.

"డాక్టరుగారూ, ఇది దానంతటదే కదిలిందండీ," అన్నాడు. ఆ తర్వాత ఆయన సరుకులు చెప్పలేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు పొరుగూరి పెద్ద డాక్టరొకాయన వచ్చి చూసి, "మీరు వైశ్యులా?" అని అడిగాడు. ఔనన్నాం. మేనరికమా అన్నాడు. ఔనన్నాం. "మీ ఇళ్ళల్లో కొందరికి ఒళ్ళు వదులు చేసే ఆ మందు ఓ పట్టాన దిగదు. దాన్ని దించే సరుకు రక్తంలో తక్కువ ఉంటుంది. మీ తప్పేం లేదు, పుట్టుకతో వచ్చేదే. ఇకముందు ఇంట్లో ఎవరికి ఆపరేషనన్నా ముందే చెప్పండి," అన్నాడు. నాకు మెలకువ ఉందా అని ఆయనా అడగలేదు. అడిగినా చెప్పడానికి గొంతు లేదు. గొట్టం ఒరుసుకుని పోయింది. వచ్చినప్పుడు ఇదిగో, ఇలా వచ్చింది. కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు తెర వెనక నా మాట విని, లోపలెవరో మగమనిషి ఉన్నాడే అనుకునేవాళ్ళు.

ఆయన మాత్రం ఆ రోజు గురించి ఎప్పుడు చెప్పినా చివర్లో ఒకటే అనేవాడు. "ఏమైతేనేం, నీకేమీ తెలియకుండా హాయిగా నిద్రపోయావు. నాకదే చాలు." ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూసి ఎలా చెప్పను? ఊరుకున్నాను. ఒంగోల్లో ఆయన ఊపిరి అందక కొట్టుకుంటుంటే నాకు తెలిసిన వైద్యం ఒకటే. చెయ్యి పట్టుకుని, బియ్యం, కందిపప్పు అన్నాను. కళ్ళు తెరిచాడు. మిరియాల తర్వాత నేను వాము అన్నాను. అప్పుడు ఆయనకి అంతా తెలిసింది. ముందు రాయించిన రెండు మాటలు అప్పటివి.

పెద్ద డాక్టరు చెప్పిన మాటని ఆయన ఇంటికి నియమం చేశాడు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా చెప్పేవాడు. చెవిలో గుబిలి తీయించుకోవడానికి వెళ్ళినా చెప్పేవాడు. "అయ్యా, మేము కోమట్లం, మాకు మత్తు దిగదు."

"నాన్నా, చెవికి మత్తేంది? ఊరంతా మన కులం చాటాలా?" అని మా అమ్మాయి తల దించుకునేది. దానికి అది నాన్న చాదస్తం, నాన్న కులం గొప్ప. పిల్లకి అలాగే అర్థమైంది.

అది చదువుకుంది, కంప్యూటరు ఉద్యోగంతో ఇక్కడికి వచ్చింది, వరంగల్ వైపు అబ్బాయిని ఇష్టపడి చేసుకుంది. వాళ్ళు మావాళ్ళు కారు. మా ఆయన కొన్నాళ్ళు అలిగి, తర్వాత అల్లుడికి నెయ్యి తనే వడ్డించాడు. కులం మాట వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ లేదు. ఇక్కడ తెలుగువాళ్ళు పండక్కి హాలు తీసుకుని కలిస్తే, ఎవరో ఒక ఆంటీ పులిహోర ప్లేటుతో వచ్చి "మీరేమిటోళ్ళమ్మా?" అని అడుగుతుంది. మా అమ్మాయి "ఎన్నిస్ వాళ్ళం ఆంటీ" అంటుంది. నాకు ఆ జవాబు నచ్చేది.

ఆయన పోయాక అది నన్ను తెచ్చుకుంది. అప్పటికి దానికి నెలలు నిండుతున్నాయి. వచ్చిన కొత్తలో నాకు పగలూ కలలాగే ఉండేది. కిటికీ అవతల వాన పడుతున్నట్టే ఉండదు, పడుతూనే ఉంటుంది. గోడల మీద, గొర్రెల మీద, కార్ల మీద అదే తడి వెలుగు. దూది వెనక వెలుగు నాకు గుర్తొచ్చేది. వంటింట్లో అలమరాని ఇక్కడ ప్రెస్సు అంటారు. ఆ ప్రెస్సులో నేను తెచ్చిన డబ్బాలు మా కొట్టు వరుసలోనే పెట్టుకున్నాను. బాలింతకి కావాలని వాము రెండు పొట్లాలు తెచ్చాను. అది చేతికి అందేచోట పెట్టాను.

కడుపుతో ఉన్నవాళ్ళని ఇక్కడ ముందే మత్తు డాక్టర్లు కూడా పిలిచి మాట్లాడతారట. మా అమ్మాయీ వెళ్ళి వచ్చింది.

"నాన్న చెప్పేది చెప్పావా?" అన్నాను.

"ఏంటమ్మా?"

"మనకి మత్తు దిగదని. మనం వైశ్యులమని."

"అమ్మా, ప్లీజ్. ఇక్కడ ఆ టాపిక్ వద్దు. కులం గురించి డాక్టర్‌కి ఏం చెప్తాను? పైగా మా నాన్న మా అమ్మకి మేనమామ అంటే వాళ్ళ మొహాలు చూడాలి."

"మొహాలదేముంది?"

"నీకు తెలీదమ్మా. ఇంట్లో ఎవరికైనా ప్రాబ్లమ్ ఉందా అన్నారు, లేదన్నాను. అయినా నాకు ఆపరేషనే ఉండదు. ఉన్నా నడుములో సూది ఇస్తారు, మెలకువగానే ఉంటాను."

అది మంచి మనసుతోనే అంది. మనిషిని కులంతో చూడకూడదని పెంచుకున్న పిల్ల. నేను ఒకటికి రెండుసార్లు అన్నాను, తర్వాత నా బొంగురు గొంతు నాకే విసుగేసి ఊరుకున్నాను.

నొప్పులు వచ్చిన పొద్దున సన్నగా జల్లు పడుతోంది. నేను ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. అల్లుడు లోపల ఉన్నాడు. ఉన్నట్టుండి తలుపు తెరుచుకుని చక్రాల మంచం బయటికి వచ్చింది. బిడ్డ గుండె నెమ్మదిస్తోందట. నలుగురు తోస్తున్నారు. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒకావిడ పక్కన నడుస్తూ గబగబా ఏవో అడుగుతోంది, మా అమ్మాయి తల అడ్డంగా ఊపుతోంది. నన్ను చూసి చెయ్యి చాపింది. అందుకునేలోపు మంచం మలుపు తిరిగింది. తలుపు మూసుకుంది. అల్లుడు ఇవతలే ఉండిపోయాడు.

"బాబూ, నువ్వు లోపలికి పోలేదేం?"

"పోనిస్తలేరు అత్తమ్మా. నడుంల సూదికి టైము లేదంట. పూర్తిగ నిద్ర పుచ్చి చేస్తరంట."

నా కాళ్ళు నాకు తెలియకుండా ఆ తలుపు దగ్గరికి నడిచాయి. ఆ తలుపుకి గుండ్రటి అద్దం ఉంది. అద్దంలో ఏమీ లేదు, తెల్లటి వెలుగు తప్ప.

"బాబూ, దానికి మత్తు దిగదు. వాళ్ళకి చెప్పు."

"గిదేంది అత్తమ్మా, నాకెప్పుడు చెప్పలే?"

చెప్పాను. కులం దగ్గర మొదలుపెట్టి, మేనరికం దగ్గర తడబడి, నల్ల సంచీ దాకా. నా గొంతు తెగిపోతోంది. అబ్బాయి వెళ్ళి అక్కడున్న నర్సమ్మకి చెప్పాడు. ఆమె లోపలికి పరిగెత్తింది. అప్పటికే మందు ఇచ్చేశారు.

కాసేపటికి ఒక మిడ్‌వైఫ్ గుడ్డలో చుట్టిన బిడ్డని తెచ్చింది. ఆడపిల్ల. "షీ ఈజ్ గ్రాండ్" అంది. నా చేతుల్లో పెట్టింది. ముక్కు నాదే. ఆ ముక్కు చూస్తుంటే, ఇదే మాట ఎవరో నా చెవిలో అన్నట్టు వినిపించింది. బిడ్డ వెచ్చగా ఉంది. నేను మాత్రం ఆ తలుపు లోపలే ఉన్నాను. దూది కింద ఉన్నాను. మా అమ్మాయి మెలకువతో ఉంటే? వాళ్ళు పాపం నిద్ర అనుకుంటూ ఉంటే? చచ్చిపోతుందని కాదమ్మాయ్ నా భయం. ఇక్కడ మిషన్లున్నాయి, ఊపిరి ఆడిస్తారు. కానీ ఆ బస్తాలో అది ఒక్కతే ఉంటే, దానికి సరుకుల పేర్లు చెప్పేవాళ్ళు కూడా లేరే.

ఆకుపచ్చ టోపీ ఆవిడ బయటికి వచ్చింది. మాస్కు కిందికి లాగి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నడివయసు మనిషి, కళ్ళ కింద మచ్చలు. నిదానంగా చెప్పింది, అల్లుడు తెలుగు చేశాడు.

"ఆపరేషన్ అయిపోయింది, బాగుంది. కాని ఊపిరి తనంతట తను తీసుకుంటలేదంట. వీళ్ళకి ముందే డౌటొచ్చిందంట. చేతి నరానికి చిన్న కరెంటు పెట్టి చూస్తే బొటనవేలు ఎగరాలె, ఎగురుతలేదంట. నువ్వు చెప్పినంక అది ఎందుకో సమజైందంట. అమ్మానాన్న చుట్టాలా అని అడుగుతున్నది."

"మా ఆయన నాకు మేనమామ," అన్నాను.

నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. మొహం ఏమీ పెట్టలేదు. తల ఊపింది, అంతే, వెతుకుతున్న చోట వేలు పడ్డట్టు.

"నాకోటి అడుగు బాబూ. కదలకపోతే నిద్ర అనుకుంటున్నారా అని అడుగు. నేను కదల్లేదు. కానీ అన్నీ విన్నాను. ఎవరూ ఎరగరు. ఆయన కూడా."

అబ్బాయి నా వంక చూశాడు. తర్వాత ఆవిడకి చెప్పాడు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు చల్లగా, సబ్బు వాసనతో ఉన్నాయి.

"నిద్రమందు ఆపలేదంట అత్తమ్మా. అది వేరే, కదలకుండ చేసే మందు వేరే. కదలకపోవుడు చూసి నిద్ర అనుకోరంట. తలకు తీగలు పెట్టి నిద్ర ఎంత లోతున్నదో చూస్తున్నరంట. బొటనవేలు మంచిగ ఎగిరేదాక నిద్ర తియ్యరంట. ఎంతసేపైనా సరే, నేనే పక్కన ఉంటనని అంటున్నది."

"నన్ను కూడా ఉండనివ్వమను."

ఉండనిచ్చారు. ముందు బిడ్డని తండ్రి చేతికిచ్చి, నాకు నీలం గౌను తొడిగి తీసుకెళ్ళారు. కిటికీ పక్కన మంచం. అద్దం మీద జల్లు జారుతోంది. మా అమ్మాయి నోట్లో గొట్టం, నుదుటి మీద అంటించిన తీగలు, మణికట్టు దగ్గర ఇంకో తీగ. మిషను ఊపిరి తీసేది, వదిలేది. దానికి తొందర లేదు, అలుపు లేదు, మరుపు లేదు. మొదట నేను వంగి మా అమ్మాయి కళ్ళ చివరలు చూశాను. తడి ఉందేమోనని వేలితో తాకాను. పొడిగా ఉన్నాయి. డాక్టరమ్మ కూడా నా వెనక వంగి అదే చోట చూసింది. మాకిద్దరికీ భాష లేదు. ఆవిడ వేలు, నా వేలు ఒకే చోటికి వెళ్ళాయి.

కుర్చీలో కూర్చుని మొదలుపెట్టాను. అది వినకూడదనే నా కోరిక. అయినా ఒకవేళ వింటుంటే ఒక్కతే ఉండకూడదు కదా. బియ్యం. మిషను ఊదింది. కందిపప్పు. మిషను ఊదింది. మినప్పప్పు, పెసరపప్పు, పచ్చిశెనగపప్పు. మిషను నాకోసం ఆగదు కాబట్టి నేనే దానితో కలిపాను. వాన వెలుగు బెల్లం రంగుకి తిరిగింది. కొట్టు గచ్చు చల్లగా తగిలింది. ఎవరు పడుకుని ఉన్నారో, ఎవరు కూర్చుని ఉన్నారో కాసేపు తెలియలేదు. గోనె తెర అవతల ఆయన తూస్తున్నాడు. మిరియాలు అన్నాను. ఆయన త్రాసు పట్టుకుని ఆగి, తర్వాతేందబ్బా అన్నట్టు పై అరకేసి చూశాడు. వాము మావయ్యా, అన్నాను పైకే. నర్సమ్మ తల తిప్పి నవ్వింది. ఏ సరుకూ తప్పలేదు ఆ రోజు. ఏ గాలీ తప్పలేదు.

మధ్యమధ్యలో డాక్టరమ్మ వచ్చి మణికట్టుకి ఆ కరెంటు చిటికె ఇచ్చేది. బొటనవేలు పడుకునే ఉండేది. ఆవిడ మంచినీళ్ళు తాగేది, మళ్ళీ కూర్చునేది. ఒకసారి నాకు టీ తెచ్చి ఇచ్చింది, పాలు ఎక్కువ, చక్కెర లేదు. తాగాను. మధ్యాహ్నం దాటి, జల్లు ఆగి కిటికీలో కొంచెం నీలం కనిపించినప్పుడు, చిటికెకి బొటనవేలు అదిరింది. బద్ధకంగా, పడుకున్న పిల్లి చెవి అదిరినట్టు. ఆవిడ నా వైపు చూసి ఒక వేలు ఎత్తింది. ఆగమని. ఇంకా ఆగాం. బొటనవేలు గట్టిగా, వరసగా ఎగిరేదాకా ఆగాం. అప్పుడు నిద్రమందు తగ్గించింది.

రెప్పలు కదిలాయి. గొట్టం తీశారు. దగ్గింది. నన్ను చూసింది, చూసి పాప ఎక్కడ అన్నట్టు పెదవులు కదిపింది. అల్లుడు తెచ్చి రొమ్ము మీద పెట్టాడు. అది పాపని తడుముతుంటే కూడా నేను ఆగలేకపోయాను.

"ఏమ్మా, నువ్వు విన్నావా?"

"ఏంటమ్మా?" గొంతు బొంగురుగా వచ్చింది, అచ్చం నా గొంతే.

"నేను మాట్లాడింది. లోపల మెలకువ వచ్చిందా? నిజం చెప్పు. నా కోసం దాచకు."

"లేదమ్మా. నిద్రపోయాను. సూది ఇచ్చారు, ఇప్పుడు లేచాను. మధ్యలో ఏమీ లేదు."

దాని కళ్ళలోకి చాలాసేపు చూశాను. దాచడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. దాని కళ్ళలో ఏమీ లేదు. అంతసేపు మాట్లాడిన మాటలు ఒక్కటీ చేరలేదు. నా జన్మలో అంత సంతోషం నాకు ఇంకెప్పుడూ కలగలేదు. డాక్టరమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆవిడ నా వీపు తట్టింది.

"ఎందుకేడుస్తున్నావమ్మా? ఏమన్నావేంటి?" అంది మా అమ్మాయి.

"ఏం లేదు. సరుకులు."

తర్వాత మా ఇద్దరి రక్తం తీశారు. ఆ పెద్ద డాక్టరు చెప్పిందే వచ్చింది. మా అమ్మాయి చేతికి ఇప్పుడొక సన్న కడియం ఉంటుంది. దాని మీద ఆ మందు పేరు చెక్కి ఉంటుంది, ఇవ్వొద్దని. అమ్మాయి గొంతు కొన్నాళ్ళకి బాగైంది. దాని గొంతు బొంగురుగా ఉన్నన్నాళ్ళూ అల్లుడు, ఇంట్లో ఇద్దరు అత్తమ్మలున్నారని ఏడిపించాడు. కులం మాట అది ఇప్పటికీ ఎత్తదు, పులిహోర ఆంటీతో ఇప్పటికీ ఎన్నిస్ వాళ్ళమనే అంటుంది. కానీ పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినా కడియం చూపించి మా అమ్మానాన్నలు మేనరికమని చెబుతుంది. "అచ్చం నాన్నలాగా తయారయ్యానమ్మా" అని నవ్వుతుంది.

మనవరాలికి ఇందులో ఎంత పాలు వచ్చిందో పెద్దయ్యాక మళ్ళీ చూస్తామన్నారు. దానికి తెలుగు చదవడం రాదు, వాళ్ళమ్మ ఈ కాగితం చదివి, తెలియని మాటలు ఇంగ్లీషులో చెబుతుంది. రాసే పిల్లా, నీకూ ఒక మాట. నువ్వు నా చెల్లెలి కూతురివి. నీ ఒంట్లో ఉన్నదీ ఆ కొట్టు రక్తమే. పరీక్షలు అయ్యాక, పరీక్షలు అయ్యాక అంటున్నావు. సోమవారం వెళ్ళి రక్తం ఇచ్చి రా. వంకాయ కూర ఆ తర్వాతే.

ఇక చాలు, గొంతు తెగుతోంది. ఇప్పుడు మొదటినుంచీ నాకు చదివి వినిపించు. నిదానంగా చదువు, తొందరపడకు. మిరియాల దగ్గర ఆయన ఆగిన చోట నువ్వు కూడా కొంచెం ఆగు. నేను కళ్ళు మూసుకుని వింటాను. కదలకుండా ఉన్నాననుకో, పెద్దమ్మ నిద్రపోయిందని చదవడం ఆపకు.